ఒత్తితే నొప్పి ఎందుకు తగ్గుతుంది?

అర్ధరాత్రి హాయిగా నిద్రపోతూ ఉంటారు. ఉన్నట్టుండి పిక్క పట్టేస్తుంది. కండ రాయిలా బిగుసుకుపోయి, ముద్దలా పైకి లేస్తుంది. "అమ్మా!" అని కేక పెడతారు. అమ్మ లేచి వచ్చి, దీపమైనా వెయ్యకుండా చీకట్లోనే పిక్క పట్టుకుని గబగబా రుద్దుతుంది. మరో చేత్తో పాదాన్ని పట్టుకుని, కాలివేళ్ళను మోకాలి వైపుకు వంచుతుంది. ఒకటి రెండు నిమిషాలకు పట్టు విడిచిపోతుంది. తెల్లవారి లేచేసరికి కాస్త సలుపు తప్ప మరేమీ ఉండదు. మీలో చాలామందికి ఇది అనుభవమే అయి ఉంటుంది.

అమ్మ వైద్య కళాశాలలో చదువుకోలేదు. అయినా ఆ పని ఆమె చేతికి తెలుసు. ఇంతకీ ఆ చెయ్యి చేసినదేమిటి? రుద్దినందువల్ల పట్టు విడిచిందా? వేళ్ళు వంచినందువల్ల విడిచిందా? లేక ఏమీ చెయ్యకపోయినా కాసేపటికి దానంతటదే విడిచేదా? ఈ మూడింటినీ విడదీసి, దేనికదిగా అడగటం మొదలుపెడితే అక్కణ్ణించి సైన్సు మొదలైనట్టే.

ఇలాంటి ప్రశ్నలు అడగటానికి విశాఖపట్నం కన్నా మంచి ఊరు దొరకదు. ఒకపక్క రేవు, మరోపక్క ఉక్కు కర్మాగారం. రేవులోకి ఓడలు రావటం 1933లో మొదలైంది. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. 1992లో అది జాతికి అంకితమైంది. ఈ రెంటికీ తోడు సముద్రం ఒడ్డున జాలరిపేటలు. నడుములూ, భుజాలూ, పిక్కలూ తెగ పనిచేసే ఊరన్నమాట. సాయంత్రం అయిందంటే "ఒరేయ్, కాస్త నడుం తొక్కరా!" అని ఏదో ఒక ఇంట్లోంచి కేక వినబడుతుంది. ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు వచ్చి, గోడ పట్టుకుని, బోర్లా పడుకున్న తాతయ్య వీపు మీద ఇటూ అటూ నడుస్తాడు. మన భాషలో ఈ విద్యకు ఎన్ని మాటలున్నాయో చూడండి: ఒళ్ళు పట్టటం, కాళ్ళు ఒత్తటం, నడుం తొక్కటం, తలంటటం, నలుగు పెట్టటం, నూనె మర్దనా, మాలిష్. ఒక్కొక్కదానికి ఒక్కొక్క చేతివాటం.

ముందు పిక్క సంగతి చూద్దాం. బీచిలో జాలరులు అలివి వల లాగటం చూశారా? ఇరవై ముప్ఫై మంది తాడు పట్టుకుని, ఒక చెయ్యి వదిలి ఒక చెయ్యి వేస్తూ, వలను ఒడ్డుకు లాక్కొస్తారు. మన కండరంలో జరిగేది సరిగ్గా ఇదే. కండరం పోగుల్లో ఆక్టిన్, మయోసిన్ అనే రెండు రకాల ప్రోటీను తంతువులు పక్కపక్కన ఉంటాయి. మయోసిన్‌కు చిన్నచిన్న తలలుంటాయి. అవి ఆక్టిన్ తాడును పట్టుకుని లాగుతాయి, వదులుతాయి, కాస్త ముందుకు పోయి మళ్ళీ పట్టుకుంటాయి. "లాగండి" అని ఈల వేసేది కాల్షియం. కూలి ఇచ్చేది ఎ.టి.పి. అనే పదార్థం. ఇక్కడొక చిత్రం ఉంది. తాడు లాగటానికే కాదు, పట్టు వదలటానికి కూడా ఎ.టి.పి. కావాలి. చనిపోయినవారి శరీరం కొద్ది గంటల్లో కొయ్యబారిపోతుందని వినే ఉంటారు. అక్కడ ఎ.టి.పి. అయిపోయింది కాబట్టి, పట్టుకున్న తలలు పట్టుకున్నట్టే ఉండిపోతాయి.

పిక్క పట్టినప్పుడు మాత్రం తప్పు కండరానిది కాదు. వెన్నుపాములో ఉండి ఆ కండరానికి ఆజ్ఞలు పంపే నాడీకణాలు ఆగకుండా ఈల వేస్తూనే ఉంటాయి. వాటిని ఆపేదెలా? కండరం ఎముకకు అతుక్కునే చోట, స్నాయువులో, లాగుడును కొలిచే గ్రాహకాలున్నాయి. స్నాయువు గట్టిగా లాగబడిందంటే అవి వెన్నుపాముకు "చాలు, ఆపు" అని కబురు పంపుతాయి. కాలివేళ్ళను మోకాలి వైపుకు వంచితే పిక్క కండరం సాగుతుంది, స్నాయువు లాగబడుతుంది, కబురు వెళుతుంది, ఈల ఆగుతుంది. కనుక అమ్మ చేసిన రెండు పనుల్లో అసలు మందు రెండోది. మరి రుద్దటం? అది వృథా అనకండి. దాని పని వేరే ఉంది. కాసేపట్లో అక్కడికే వస్తాం.

ఇప్పుడు ఉక్కు కర్మాగారంలోకి వెళదాం. అక్కడ మూడు పెద్ద బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. వాటికి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. మొదటి రెంటికీ నదుల పేర్లు పెట్టినా వాటిలోంచి పారేది కరిగిన ఇనుము. దాని వేడి 1500 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది. అలాంటి చోట పనిచేసే మనిషి ఒంట్లోంచి గంటకు ఒక లీటరు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ చెమట పోతుంది. చెమట పోవటం మంచిదే. ఒక గ్రాము చెమట ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కేలరీల వేడిని పట్టుకుపోతుంది. కాని ఆవిరైతేనే సుమా! వేసవిలో ఉష్ణోగ్రత చూస్తే విజయవాడ కన్నా విశాఖ చల్లన. అయితే సముద్రం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఊరికే కారిపోతుంది. నీరూ పోయె, ఉప్పూ పోయె, చల్లదనమూ దక్కకపోయె!

పూర్వం ప్రపంచమంతటా కొలుముల దగ్గరా, లోతైన బొగ్గుగనుల్లోనూ, ఓడల బాయిలర్ల దగ్గరా పనిచేసేవారిని ఒక వింత బాధ పీడించేది. పని ముగిసే వేళకు కాళ్ళూ చేతులూ పొట్టా కొంకర్లు పోయేవి. తోటివాళ్ళు పట్టుకుని మర్దనా చేసేవారు. కాస్త విడిచేది, మళ్ళీ వచ్చేది. 1923లో బ్రిటన్‌లో కె. నెవిల్ మాస్ గని కార్మికులను పరిశీలించి అసలు కారణం చూపించాడు. వాళ్ళు చెమటలో ఉప్పునూ నీళ్ళనూ పోగొట్టుకుని, వట్టి నీళ్ళు మాత్రమే కడుపునిండా తాగుతున్నారు. రక్తంలో ఉప్పు పలచబడుతోంది. 1930లలో అమెరికాలో హార్వర్డ్ శాస్త్రజ్ఞులు కొలరాడో నది మీద హూవర్ డ్యాం కడుతున్న కూలీల్లోనూ, యంగ్స్‌టౌన్ ఉక్కు కార్మికుల్లోనూ దీన్నే చూశారు. ఉప్పు తిరిగి ఇస్తే కొంకర్లు తగ్గాయి.

లీటరు చెమటలో మనిషిని బట్టి 1 నుంచి 4 గ్రాముల దాకా ఉప్పు పోతుంది. ఎనిమిది గంటల షిఫ్టులో ఎంత పోతుందో మీరే లెక్క కట్టండి. మన ఇళ్ళల్లో ఎండనపడి వచ్చినవారికి ఉప్పేసిన పలచటి మజ్జిగ ఇస్తారే, అది ఆ లోటు పూడ్చేందుకే. ఇలాంటి కొంకర్లకు మర్దనా ఒక్కటే చాలదు. నీడ, విశ్రాంతి, ఉప్పు కలిసిన ద్రవం - వీటి తరవాతే చెయ్యి. అలాగని రాత్రిళ్ళు మంచం మీద పట్టే పిక్కకు కూడా ఉప్పు తక్కువే కారణమనుకోకండి. ఆ లంకె ఇంతవరకూ రుజువు కాలేదు.

ఇంకొక మాట. ఎండలోనో వేడిలోనో పనిచేస్తున్న మనిషి తడబడుతూ మాట్లాడినా, తికమకపడినా, స్పృహ తప్పినా అది కొంకర్ల వ్యవహారం కాదు. అది వడదెబ్బ, ప్రాణం మీదికి వస్తుంది. అరికాళ్ళు అరిచేతులు రుద్దుతూ కూర్చుంటే విలువైన సమయం పోతుంది. ఒంటి మీద చల్లటి నీళ్ళు పొయ్యాలి, విసరాలి, ఒకరు అది చేస్తుండగా మరొకరు ఆసుపత్రికి తీసుకుపోయే ఏర్పాటు చూడాలి.

రేవు కష్టం మరో రకం. మొదట్లో ఈ రేవునుంచి ఎక్కువగా ఎగుమతి అయినది మాంగనీసు ఖనిజం. అప్పట్లో సరుకు ఎక్కించటమూ దించటమూ చాలావరకు కళాసీల భుజాల మీదే సాగేది. 1976లో బయటి హార్బరు వచ్చేనాటికి ఇనుప ఖనిజం కన్వేయర్ బెల్టుల మీద పోతోంది. ఇప్పుడు పెట్టెల్లాంటి కంటైనర్లను క్రేన్లే ఎత్తుతాయి. అయినా ఊళ్ళో గోదాముల దగ్గరా, లారీల దగ్గరా బస్తా మోసే భుజం ఇంకా ఉంది. ఒక్క సిమెంటు బస్తా యాభై కిలోలు! అలా మోసినవారిని మర్నాడు పలకరించి చూడండి. నొప్పి పని చేసిన రోజు కన్నా ఆ మర్నాడూ, మూడోనాడూ ఎక్కువగా ఉంటుంది.

బస్తాలు మొయ్యనక్కర లేదు. ఆషాఢమాసంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేసినవారిని అడిగినా చెబుతారు. కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు. నడిచిన రాత్రి ఉత్సాహంగానే ఉంటారు. రెండోనాడు మెట్లు దిగలేక గోడలు పట్టుకుంటారు! దిగేటప్పుడే ఎందుకు బాధ? ఎక్కేటప్పుడు తొడ కండరం కురచబడుతూ పనిచేస్తుంది. దిగేటప్పుడు ఒకపక్క సాగుతూనే బరువును ఆపుతుంది. తాడు చేతుల్లోంచి జారిపోతుంటే బిగించి పట్టుకున్నట్టన్నమాట, అరిచేతులు కోసుకుపోవూ? అలాగే కండరం పోగుల్లో కంటికి కనిపించనంత చిన్నచిన్న చిరుగులు పడతాయి. వాటిని బాగుచేసే క్రమంలో వాపూ, సలుపూ వస్తాయి.

చాలాకాలం పుస్తకాల్లో వేరే కారణం రాశారు. కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుందనీ, అదే నొప్పికి కారణమనీ, మర్దనా చేస్తే అది కొట్టుకుపోతుందనీ. నేను చదువుకున్న పుస్తకంలోనూ అలాగే ఉంది. మా మేష్టారు అదే చెప్పారు, నేనూ పరీక్షలో అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను! సంగతేమిటంటే, వ్యాయామం ఆగిన గంటా గంటన్నరలో ఆ ఆమ్లం దాదాపుగా మామూలు స్థాయికి దిగిపోతుంది. రెండోనాటి నొప్పికి అదెలా కారణమవుతుంది? ఇక కొట్టుకుపోవటం మాట. 2010లో కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంవారు ముంజేతి కండరాలకు బాగా పని చెప్పి, తరవాత మర్దనా చేసి రక్తప్రసరణను కొలిచారు. ఒత్తినప్పుడల్లా రక్తం ప్రవాహం పెరగటానికి బదులు అడ్డుపడింది. ఆలోచిస్తే ఇందులో వింతేముంది? నీళ్ళు పారుతున్న రబ్బరు గొట్టాన్ని పిసికితే ధార పెరుగుతుందా?

మరయితే మాలిష్ అంతా భ్రమేనా? తొందరపడకండి. 2012లో అదే కెనడాలో, మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మరో ప్రయోగం జరిగింది. పదకొండు మంది యువకులు అలసిపోయి ఇక తొక్కలేమనేదాకా వ్యాయామ సైకిలు తొక్కారు. ఆ తరవాత ఒక్కొక్కరికి ఒక తొడకు పది నిమిషాలు మర్దనా చేశారు. రెండో తొడను అలాగే వదిలేశారు. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చుతుంది. మనిషి ఒకడే, తిండి ఒకటే, అలసట ఒకటే. తేడా మర్దనా ఒక్కటే. రెండు కాళ్ళ నుంచీ సూదితో చిటికెడు కండ తీసి పరీక్షించారు. లాక్టిక్ ఆమ్లంలో తేడా ఏమీ లేదు. కాని మర్దనా చేసిన తొడలో వాపును రెచ్చగొట్టే సంకేతాలు తక్కువగా ఉన్నాయి. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలను పెంచే సంకేతాలు ఎక్కువయ్యాయి. అంటే చేతివేళ్ళ ఒత్తిడిని కండరం కణాలు గుర్తుపట్టాయన్నమాట. పదకొండు మందే కదా అంటారా? నిజమే, ఆ సందేహం ఉండవలసిందే. అందుకే 2020లో బ్రిటన్‌లోని షెఫీల్డ్ పరిశోధకులు మొత్తం 1012 మంది మీద జరిగిన 29 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. మర్దనా చేయించుకున్నందువల్ల ఎవరూ మరింత వేగంగా పరుగెత్తలేదు, మరింత ఎత్తు దూకలేదు. రెండోనాటి నొప్పి మాత్రం కొంత తగ్గింది, కీళ్ళు కాస్త సులువుగా వంగాయి.

నడుంనొప్పి సంగతీ ఇలాంటిదే. అమెరికాలోని సియాటిల్‌లో ఎంతోకాలంగా నడుంనొప్పితో బాధపడుతున్న 401 మందిని మూడు జట్లుగా విడదీసి చేసిన పరీక్ష ఫలితాలు 2011లో వెలువడ్డాయి. వారానికోసారి చొప్పున పది వారాలు మర్దనా పొందినవారు, మామూలు వైద్యంతో సరిపెట్టుకున్నవారి కన్నా బాగా కోలుకున్నారు. తమాషా ఏమిటంటే, ఒక జట్టుకు నిపుణులు ఏ కండరం బిగిసిందో వెతికి మరీ ఒత్తారు. ఇంకో జట్టుకు ఊరికే హాయిగా ఉండేటట్టు ఒళ్ళంతా పట్టారు. రెండు జట్లకూ మేలు సమానంగానే జరిగింది! ఏడాది గడిచేసరికి ఆ మేలు చాలావరకు తరిగిపోయింది కూడా. దీన్నిబట్టి ఏం తోస్తోంది? మేలులో పెద్ద భాగం కండరంలో కాదు, ఇంకెక్కడో జరుగుతోంది.

ఆ ఇంకెక్కడో ఏమిటంటే, మన చర్మమూ, వెన్నుపామూ, మెదడూ.

కాలు గడపకు కొట్టుకుంటే మీరు మొట్టమొదట చేసే పనేమిటి? ఆ చోటును పట్టుకుని రుద్దుతారు. ఎవరూ నేర్పలేదు, అయినా అందరూ చేస్తారు. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికి ఒక వివరణ ఇచ్చారు. చర్మం నుంచి వార్తలు రెండు రకాల తీగల మీద వస్తాయి. స్పర్శను మోసే నాడీతంతువులు లావుగా, పైన కొవ్వుపొర కప్పుకుని ఉంటాయి. వాటి మీద వార్త సెకనుకు సుమారు 50 మీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. సలుపు నొప్పిని మోసేవి సన్నటివి, పొర లేనివి; వాటి వేగం సెకనుకు ఇంచుమించు ఒక మీటరే. బొటనవేలి నుంచి వెన్నుపాముకు మీటరు దూరం ఉందనుకోండి. తగిలిన సంగతి సెకనులో యాభయ్యో వంతులో తెలుస్తుంది. సలుపు తెలియటానికి ఒక సెకను పడుతుంది. తగిలిన వెంటనే "అయ్యో, ఇప్పుడు నొప్పి పుడుతుంది" అని మనకు ముందే తెలిసిపోతుందే, ఆ క్షణం ఇదే! ఈ రెండు వార్తలూ వెన్నుపాములో ఒక గేటు దగ్గర కలుస్తాయి. రుద్దినప్పుడు స్పర్శ వార్తలు కోకొల్లలుగా వచ్చి ఆ గేటును కొంత మూసేస్తాయి. నొప్పి వార్తలు కొన్ని బయటే నిలబడిపోతాయి. మెల్జాక్, వాల్ చెప్పిన వివరాల్లో కొన్నింటిని తరవాతివారు సవరించారు. గేటు ఉందన్న మాట మాత్రం నిలిచింది. చీకట్లో అమ్మ పిక్క రుద్దటం వృథా కాదన్నది ఇందుకే. వేళ్ళు వంచి పట్టును విడిపించింది. రుద్ది నొప్పికి గేటు వేసింది.

ఒత్తిడిని పసిగట్టే అణువు ఏదో కూడా ఇప్పుడు తెలిసింది. ఆర్డెమ్ పటపౌటియన్ బృందం 2010లో పీజో అనే ప్రోటీనులను కనిపెట్టింది. కణం పొర లాగబడితే ఇవి తలుపులా తెరుచుకుని విద్యుత్ సంకేతాన్ని పుట్టిస్తాయి. ఆయనకు డేవిడ్ జూలియస్‌తో కలిపి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంతకన్నా విచిత్రమైనది మరొకటి ఉంది. సన్నటి, నెమ్మదైన తంతువులన్నీ నొప్పికే అనుకున్నారు కదా. 1990లలో స్వీడన్‌లో ఓకె వాల్బో, ఆయన సహచరులు, వెంట్రుకలున్న చర్మంలో మరో రకం నెమ్మది తంతువులు మనుషులకూ ఉన్నాయని చూపించారు. ఇవి నొప్పికి పలకవు, మృదువుగా నిమిరితే పలుకుతాయి. అదీ సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరితేనే గట్టిగా పలుకుతాయి. అంతకన్నా వేగమైనా, అంతకన్నా నెమ్మదైనా వాటి పలుకు తగ్గిపోతుందని 2009లో తేలింది. తల్లి బిడ్డను జోకొడుతూ వీపు నిమిరే వేగం ఎంతో మీరే కొలిచి చూడండి.

దీన్ని మీ తరగతిలోనే పరీక్షించవచ్చు. కావలసినవి ఒక మెత్తటి బొమ్మలు వేసే కుంచె, స్కేలు, సెకన్ల ముల్లున్న గడియారం. స్నేహితుడి ముంజేతి పైభాగాన, అంటే వెంట్రుకలున్న వైపు, 15 సెంటీమీటర్ల దూరంలో రెండు చుక్కలు పెట్టండి. అతన్ని కళ్ళు మూసుకోమనండి. కుంచెను మొదటి చుక్క నుంచి రెండోదానికి ఒకసారి అర సెకనులోనూ, ఒకసారి 5 సెకన్లలోనూ, ఒకసారి 50 సెకన్లలోనూ లాగండి. ఏది ఎప్పుడు లాగేదీ ముందు చెప్పకండి, వరస మారుస్తూ ఉండండి. ఎంత హాయిగా ఉందో పదికి మార్కులు వెయ్యమనండి. మూడు వేగాలూ సెకనుకు 30, 3, 0.3 సెంటీమీటర్లు అవుతాయి. కనీసం పదిమందిని పరీక్షించి సరాసరి కట్టి గ్రాఫు గియ్యండి. ఒక్కరి మాటను బట్టి తీర్పు చెప్పకండి. చక్కిలిగిలి ఎక్కువున్నవారు లెక్కంతా తారుమారు చేస్తారు!

మధ్యలో ఒక చిన్న కథ. ఇవాళ దుకాణాల్లో పొట్లాల్లో అమ్మే షాంపూ అన్న మాట ఎక్కడిదో తెలుసా? ఒత్తటం, పిసకటం అనే అర్థమిచ్చే హిందీ మాట చాంపో. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన ఇంగ్లండుకు వలస వెళ్ళి, బ్రైటన్ అనే సముద్రతీర పట్టణంలో ఆవిరి స్నానాలూ, మర్దనా చేసే స్నానశాల పెట్టాడు. దానికి షాంపూ స్నానమని పేరు. అది ఎంత పేరుపొందిందంటే, రాజు నాలుగో జార్జి ఆయన్ను తన షాంపూ వైద్యుడుగా నియమించుకున్నాడు. ఒళ్ళు పట్టటం అన్న అర్థం క్రమంగా పోయి, తల రుద్దుకోవటం అన్న అర్థం మిగిలింది. ఆ మాట ఓడెక్కి పోయి, అర్థం మార్చుకుని, సీసాలో తిరిగొచ్చిందన్నమాట. మర్దనాను ఆసుపత్రి విద్యగా నిలబెట్టినవారిలో నర్సుల పాత్ర పెద్దది. 1894లో లండన్‌లో నలుగురు నర్సులు కలిసి శిక్షణ పొందిన మర్దనాకారుల సంఘం ఒకటి పెట్టారు. నేటి ఫిజియోథెరపీకి అది ఒక వేరు.

శిక్షణ ఎందుకంటే, ఎక్కడ చెయ్యి వెయ్యకూడదో తెలియటానికి. ఈ మాట నేను ఊరికే అనటం లేదు. ఏడో తరగతిలో ఉండగా కోతికొమ్మచ్చి ఆడుతూ జామచెట్టు మీంచి పడ్డాను. కుడి మోచెయ్యి వాచింది. ఇంట్లో చెబితే తిడతారని రెండు రోజులు దాచాను. తరవాత, తెలిసిన ఒక పెద్దాయన పాపం మంచి ఉద్దేశంతోనే, రోజూ వేడి నూనెతో గట్టిగా మర్దనా చేసి, చెయ్యి బలవంతంగా చాపేవారు. మూడు వారాలు గడిచాక డాక్టరు ఎక్స్‌రే తీయించి చూసి, ఎముక చిట్లిందనీ, మర్దనాకు నలిగిన కండరంలో కొత్తగా ఎముక పేరుకుందనీ చెప్పారు. అవును, కండరంలో ఎముక! దెబ్బతిన్న కండరాన్ని పదేపదే నలిపితే లోపల గడ్డకట్టిన రక్తం చుట్టూ ఎముకను తయారుచేసే కణాలు మేలుకుంటాయి. మోచేతికి ఈ బెడద మరీ ఎక్కువ. నా కుడి చెయ్యి ఈనాటికీ పూర్తిగా చాచుకోదు. నల్లబల్ల మీద పైవరస రాయాలంటే కుర్చీ ఎక్కవలసి వస్తుంది.

కాబట్టి పడి, వాచి, కదపలేకుండా ఉన్న చెయ్యినిగాని కాలునిగాని ఎవరినీ ఒత్తనివ్వకండి. కదలకుండా ఒక బద్ద ఆసరాగా కట్టి, కింగ్ జార్జి ఆసుపత్రి దగ్గరైతే అక్కడికి, లేదా అందుబాటులో ఉన్న ఏ ఆసుపత్రికైనా సరే, ఎక్స్‌రేకు వెళ్ళండి. ఇంకొకటి, ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటే, ముఖ్యంగా ఆపరేషనై చాలా రోజులు మంచాన ఉన్నవారికైతే, లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఒత్తితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు కొట్టుకుపోయి ప్రాణం తియ్యవచ్చు. "మామ్మా, కాళ్ళు పడతానుండు" అని ప్రేమగా వెళ్ళే మనవలు ఇది గుర్తుంచుకోవాలి. ఇక క్షౌరశాలలో తల పట్టుకుని, మెడను చటుక్కున తిప్పి టక్కుమనిపిస్తారే, అది వద్దనండి. మెడ ఎముకల్లోంచి మెదడుకు రక్తం తీసుకుపోయే ధమనులు పోతాయి. ఆ కుదుపుకు వాటి గోడ చిరిగి పక్షవాతం వచ్చినవారున్నారు. తల మర్దనా చేయించుకోండి, మెడ మాత్రం అప్పగించకండి.

చివరికి మిగిలినవాళ్ళు అందరికన్నా చిన్నవాళ్ళు. అమ్మమ్మ కాళ్ళు చాపి పీట మీద కూర్చుని, కాళ్ళ మీద పసిబిడ్డను బోర్లా పడుకోబెట్టుకుని, నూనె రాసి, ఒళ్ళంతా మర్దించి, సున్నిపిండితో నలుగు పెట్టి, గోరువెచ్చని నీళ్ళు పోసే దృశ్యం మీరందరూ చూసినదే. బిడ్డ ముందు గుక్కపట్టి ఏడుస్తుంది, తరవాత పాలు తాగి రెండు మూడు గంటలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోతుంది. ఇందులో సైన్సు ఎంత?

దీనికి జవాబు ఎలుకపిల్లల దగ్గర మొదలైంది. 1970ల చివర్లో అమెరికాలో సాల్ షాన్‌బర్గ్ బృందం తల్లి నుంచి విడదీసిన ఎలుకపిల్లల్లో, పెరుగుదలకు కావలసిన హార్మోను పడిపోవటం గమనించింది. వెచ్చదనం ఇచ్చినా లాభం లేకపోయింది. తల్లి నాకినట్టుగా తడి కుంచెతో గట్టిగా రుద్దితే హార్మోను తిరిగి పెరిగింది! ఈ సంగతి తెలిసిన టిఫనీ ఫీల్డ్, నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రిలో అద్దాల పెట్టెల్లో ఉన్న పసికందులను తలుచుకుంది. అప్పట్లో అలాంటి బిడ్డలను వీలైనంత తక్కువగా ముట్టుకోవాలన్నది నియమం. 1986లో ఆమె ప్రకటించిన ప్రయోగంలో అలాంటి నలభైమంది ఉన్నారు. సగంమందికి రోజుకు మూడుసార్లు, పదిహేనేసి నిమిషాలు, పది రోజులపాటు ఒళ్ళు నిమిరి, కాళ్ళూ చేతులూ మెల్లగా ఆడించారు. పాలు అందరికీ ఇంచుమించు సమానమే. నిమిరిన బిడ్డలు రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు.

నూనె పేరు కూడా పరీక్షకు వచ్చింది. 2000 సంవత్సరంలో వెలువడిన ఢిల్లీ పరిశోధనలో ఆరు వారాల వయసున్న 125 మంది బిడ్డలకు నాలుగు వారాలు రకరకాల నూనెలతో మర్దనా చేశారు. బిడ్డ పొడుగులోనూ, తొడ ధమనిలో రక్తప్రవాహంలోనూ మంచి ఫలితం చూపినది నువ్వుల నూనె. 2005లో ఢాకా శిశు ఆసుపత్రివారు నెలలు నిండని బిడ్డల పలచటి చర్మానికి పొద్దుతిరుగుడు నూనె రాస్తే, రక్తంలోకి చేరే ఇన్‌ఫెక్షన్లు 41 శాతం తగ్గాయి. ఇక్కడ నూనె ఒక గోడలా పనిచేసిందన్నమాట. ఆవనూనె మాత్రం ఎలుకల మీది పరీక్షల్లో చర్మాన్ని దెబ్బతీసింది.

అమ్మమ్మతో రెండు విషయాల్లో మాత్రం పేచీ పెట్టుకోక తప్పదు. బిడ్డ ముక్కులోనూ చెవుల్లోనూ నూనె చుక్కలు వెయ్యకూడదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. ముక్కునూ, తలనూ ఒత్తి ఆకారం తీర్చాలని చూడకూడదు. మిగతాదంతా ఆవిడ ఇష్టం. ఆవిడ చేతి వేగాన్ని, ఆవిడకు తెలియకుండా, గడియారంతో కొలిచి చూడండి.

ఫీల్డ్ ప్రయోగంలోని ఆ ఇరవైమంది బిడ్డలు మిగతావారి కన్నా సరాసరిన ఆరు రోజులు ముందుగా ఇంటికి వెళ్ళారు.